డీచీ వాళ్ల ఐదుగురు పిల్లలు

ఓర్ఫా లుండీన్ తప్పు రాసిందని మా ప్రెంటిస్ కౌంటీలో ఎవరైనా అంటే, 2018 వసంతం దాకా నేను ఊరుకునేదాన్ని కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఈ నెబ్రాస్కా మట్టిరోడ్ల మీద స్కూలు బస్సు నడిపినదాన్ని. నా నోటికి ఇక్కడ అందరూ జడుస్తారు. ఓర్ఫా మీద ఈగ వాలనిచ్చేదాన్ని కాదు. తప్పు చేశానని ఆవిడే తనంతట తాను అన్న రోజున మాత్రం ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

అప్పటికి ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకే గది ఉన్న పల్లెబడిలో టీచరుగా మొదలుపెట్టి, కౌంటీలో సగం మందికి ఎక్కాలు నేర్పింది. మిగతా జీవితమంతా పాత రైలు స్టేషనులో గడిపింది. రైళ్లు ఆగిపోయాక ఆ స్టేషన్ని కౌంటీ వాళ్లు చరిత్ర సంఘానికి ఇచ్చారు. సంఘం అంటే ఓర్ఫా, నేను, ఎలకలు. టికెట్ల గదినిండా అట్టపెట్టెలు. మొదట ఇక్కడికి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ల ఉత్తరాలు, భూమి దస్తావేజులు, గడ్డినేలని ఇటుకల్లా కోసి కట్టుకున్న ఇళ్ల ఫొటోలు, అన్నీ అక్కడే. చలికాలం వేళ్లు కత్తిరించిన చేతిగ్లవ్స్ వేసుకుని పెన్సిలుతో రాసేది. కళ్లకి శుక్లాలు కమ్మాక కారు నడపడం మానేసింది కనక నడిపే పని నా నెత్తిన పడింది.

రెండు కాగితాలు ఒకే మాట చెబితే తప్ప ఆవిడ దేన్నీ నమ్మదు. మా ముత్తాత గుర్రమెక్కి మిస్సోరీ నది దాటాడని ఒకసారి గొప్పగా చెప్పాను.

"కాగితం ఉందా?" అంది.

"కాగితమేంటి, మా తాత చెప్పాడు."

"అయితే నడిచే వచ్చుంటాడు."

వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. తర్వాత మళ్లీ నేనే వెళ్లాను, వెళ్లక ఏం చేస్తాను.

డీచీ వాళ్ల సంగతికి వస్తాను. 1976లో ఓర్ఫా కౌంటీ చరిత్ర రాసి అచ్చు వేయించింది. ఇక్కడ బైబిలు లేని ఇల్లు ఉండొచ్చు గానీ ఆ నీలం అట్ట పుస్తకం లేని ఇల్లు లేదు. అందులో అందరికీ నోటికొచ్చిన పేజీ డీచీ వాళ్లది. 1881 ఏడాది చివర, చలికాలంలో, కౌంటీకి ఉత్తరాన పిల్లల గొంతు మూసుకుపోయే కంఠసర్పి రోగం వచ్చింది. ఆ ప్రాంతం గుమాస్తా ఫినియస్ టటిల్ చనిపోయినవాళ్ల పేర్లు పట్టీ రాశాడు. అందులో వరసగా ఐదు పేర్లు. అన్నా డీచీ, మేరీ డీచీ, జోసెఫ్ డీచీ, ఫ్రాంక్ డీచీ, జేమ్స్ డీచీ. అందరూ పిల్లలే. ఆ తర్వాత డీచీ అనే ఇంటిపేరు కౌంటీలో ఏ కాగితంలోనూ కనిపించదు. "ఐదుగురు బిడ్డల్నీ నేలకి అప్పగించి ఆ తల్లిదండ్రులు ఖాళీ బండితో తూర్పుకు వెళ్లిపోయారు" అని ఓర్ఫా ఆ పేజీ ముగించింది. ఆ మాట చదివి ఏడవనివాళ్లు లేరు. ఏటా నాలుగో తరగతి పిల్లలు దాన్ని నాటకం వేస్తారు. చివర్లో ఇద్దరు పిల్లలు ఖాళీ బండి లాక్కుంటూ స్టేజీ దిగిపోతుంటే తల్లులంతా రుమాళ్లు తీస్తారు. అంబులెన్సులు ఇళ్లు కనుక్కోవడానికి రోడ్లకి పేర్లు పెట్టమన్నప్పుడు, ఆ వైపు రోడ్డుకి డీచీ రోడ్డు అని పెట్టేశారు.

ఆ చుట్టుపక్కల రోగంతో పోయిన పిల్లల్ని ఒక్క చోటే పూడ్చారు. ఆ సమాధులు రోలీ స్విటాక్ అనే రైతు మొక్కజొన్న పొలం మూలన ఉన్నాయి. నీళ్లు పోసే పొడుగాటి గొట్టం చక్రాల మీద గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి పొలానికి నాలుగు మూలలూ ఎండు గడ్డిగానే మిగిలిపోతాయి. ఆ మూల అలా బతికిపోయింది. కింద సమాధి ఉంటే వాటంతటవే తిరుగుతాయని ఇక్కడివాళ్లు నమ్మే వంచిన ఇనప తీగలు రెండు చేత పట్టుకుని, అవి ఒకదాని మీదికి ఒకటి తిరిగిన చోటల్లా నేనూ ఓర్ఫా మేకులు కొట్టాం. ఆ తీగల మీద నాకు నమ్మకం లేదు గానీ ఐదు పొట్టి గుంటలు మాత్రం నేలలో అణిగి కనిపించాయి. రోలీ ఆ మూలని రాసిచ్చాడు. ఊరంతా కలిసి రాయి చెక్కించారు. మే నెల ఆఖరి సోమవారం, సమాధులకి పూలు పెట్టే రోజున, దాన్ని నిలబెట్టాలని నిర్ణయం. రాయి మీద పెద్ద అక్షరాలతో డీచీ అని ఉంది.

మే మొదటి వారంలో వృద్ధాశ్రమానికి వెళ్లాం. ఆల్బీనా జెలెంకాకి తొంభై ఆరు. యూరప్‌లోని చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఇళ్ల కబుర్లు ఏమైనా గుర్తుంటే టేపు చేద్దామని ఓర్ఫా ఆశ. ఆల్బీనా మంచం మీంచి చెయ్యి చాచి ఓర్ఫా చెంప నిమిరింది.

"డ్యీచె," అంది నవ్వుతూ. "డ్యీచె, డ్యీచె."

కూతురు రోజలీ నొచ్చుకుంది. "ఏమీ అనుకోకండి టీచర్ గారూ. అమ్మ ఇంగ్లీషు మొత్తం మర్చిపోయింది. నర్సుల్ని, డాక్టర్ని, పాస్టరుని కూడా అలాగే పిలుస్తుంది."

"అలాగే అంటే?"

"బిడ్డా అని. చెక్ భాషలో డ్యీచె అంటే బిడ్డ."

ఓర్ఫా టేపు ఆపేసింది. రోజలీ కొలాచి రొట్టెలు పొట్లం కట్టి ఇస్తే తీసుకోవడం కూడా మర్చిపోయింది. నేను తీసుకున్నాను, గసగసాలవి.

ఇంటి దారి పట్టాం. డీచీ రోడ్డు మలుపు దగ్గర ఉన్నట్టుండి "బండి ఆపు" అంది. దిగి, ఆకుపచ్చ బోర్డు కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయింది. గాలికి ఎక్కడ పడిపోతుందో అని నేనూ దిగాను.

"మాక్సీన్, ఆ ఇంటిపేరు లేదే. ఎప్పుడూ లేదు."

"ఏంటే నువ్వనేది?"

"టటిల్ పట్టీ మీద ఒక మాట ఉంది, 'రోడ్డు మీది నుంచే విచారించినది' అని. రోగం అంటుకుంటుందని ఇళ్ల దగ్గరికి వెళ్లలేదు. మంచులో బండి ఆపి అక్కడి నుంచే అరిచాడు, ఎవరు పోయారూ అని. గుమ్మంలోంచి తండ్రి తనకొచ్చిన భాషలో చెప్పాడు, బిడ్డ అని. పేరేంటీ అని అరిచాడు. అన్నా అన్నాడు. వీడు అన్నా డీచీ అని రాసుకున్నాడు. పక్కింటికి వెళ్తే అక్కడా అదే మాట. వాళ్లంతా ఒకే ఇంటిపేరువాళ్లనుకున్నాడు, దద్దమ్మ. నేను ఆ పట్టీ చూసి ఒకే ఇంటి పిల్లలనుకున్నాను. నేనింకా పెద్ద దద్దమ్మని."

కౌంటీ ఉత్తరాన సగం మంది చెక్‌వాళ్లే, నలభై రెండేళ్లుగా ఆ పేజీ చదువుతున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ఎవరో ఐరిష్‌వాళ్లు కాబోలనుకున్నారు తప్ప ఒక్కళ్లకీ తట్టలేదు.

"ఎవరికీ చెప్పకు," అన్నాను. నిజం చెబుతున్నాను, అలాగే అన్నాను. "రాయి పెట్టేద్దాం. ఐదుగురు పిల్లలున్నారు, ఐదు గుంటలున్నాయి. ఇంటిపేరు ఏదైతేనేం? ఈ వయసులో నీకీ పరువు తక్కువ పని ఎందుకే?"

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. స్కూల్లో చూచిరాత రాసేవాళ్లని అలా చూసేదట.

"ఆ ఖాళీ బండి నేను కల్పించాను," అంది. "ఏ కాగితంలోనూ లేదు. ముప్పై ఆరేళ్లు నాకప్పుడు. కథ అలా తెగిపోతే బాగాలేదనిపించింది, రాసేశాను. ఆ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడికీ పోలేదు మాక్సీన్. ఇక్కడే ఉన్నారు. ఇక్కడే దున్నుకుని, ఇక్కడే చచ్చిపోయారు. వాళ్ల బిడ్డల్ని లాక్కెళ్లి ఎవరో లేనివాళ్లకి దత్తత ఇచ్చాను నేను. మూడు వారాలుంది. ఎవరి బిడ్డల్ని వాళ్లకి అప్పజెప్పాలి."

మర్నాడు కౌంటీ బోర్డు అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాం. డ్వైట్ హాన్సెన్, ఆవిడ పాత విద్యార్థే. అంతా విని తల పట్టుకున్నాడు.

"టీచర్, రోడ్డు పేరు మార్చాలంటే పందొమ్మిది ఇళ్ల చిరునామాలు మార్చాలి. అంబులెన్సులు దారి తప్పుతాయి. నాటకానికి మా మనవరాలు ఆల్రెడీ మేరీ డీచీ వేషం కట్టేసింది. రాయి చెక్కేశారు. ఇప్పుడొచ్చి ఆ మనుషులే లేరంటే జనం నవ్వరూ?"

"నవ్వనీ."

"మిమ్మల్నే కదా నవ్వేది!"

"నన్నే. రోడ్డు నువ్వుంచుకోరా. పిల్లల్ని నాకివ్వు."

"అసలెవరికి తెలుస్తుంది టీచర్? నూట ముప్పై ఏళ్లు దాటింది."

"నాకు తెలిసింది చాలదూ? నాలుగో తరగతిలో నీకు భాగహారం రాకపోతే ఎవరికి తెలుస్తుందిలే అని వదిలేశానా?"

చివరికి డ్వైట్, ఆ ఆఖరి సోమవారం లోపల ఐదు పేర్లూ తెస్తే రాయి సంగతి చూద్దామనీ, ఒక్కటి తగ్గినా పాత పేరే ఉంటుందనీ అన్నాడు. సగం సగం రాయి పెడితే బాగుండదట.

ఇక చూడాలి ఆవిడ పట్టు. పొద్దున ఏడింటికల్లా స్టేషను తలుపు తీయించేది. 1880 జనాభా లెక్కల్లో ఆ చుట్టుపక్కల చెక్ ఇళ్లన్నిటి పిల్లల పేర్లూ రాసుకుంది. 1885 లెక్కలు పక్కన పెట్టుకుంది. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేని పిల్లల్ని ఏరింది. అలా లేనివాళ్లలో కొందరు పెళ్లిళ్లై వెళ్లినవాళ్లు, కొందరు గుమాస్తా పేరు వేరేలా రాసినవాళ్లు. ఒక్కొక్కళ్లనీ మళ్లీ ఇంకో కాగితంలో చూడాలి. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటే భూతద్దం నాకిచ్చి చదవమనేది. నేను ఒక అక్షరం తప్పు చదివితే కసిరేది. మధ్యాహ్నం హామ్ శాండ్‌విచ్ చేతిలో పెట్టినా కొరికి పక్కన పడేసేది. నాకు విసుగొచ్చి ఒకరోజు కారు తాళాలు బల్ల మీద గిరాటేశాను. "అవి తీసి జేబులో పెట్టుకో, రేపు మళ్లీ వెతుక్కుంటావు" అంది తల ఎత్తకుండా.

పదో రోజుకి నలుగురు దొరికారు. అన్నా ఏమో జెలెంకా వాళ్ల బిడ్డ. అంటే ఆల్బీనా మొగుడి తాతకి తోబుట్టువు. మేరీ హ్రూబీ వాళ్ల మారీ. జోసెఫ్, ఫ్రాంక్ ఇద్దరూ కొవాండా వాళ్ల అన్నదమ్ములు, యోసెఫ్, ఫ్రాంతిషెక్. ఒకే వారంలో పోయారు.

జేమ్స్ మాత్రం దొరకలేదు. మా ఉత్తరం వైపు పాత జేమ్స్‌లందరి అసలు పేరూ వాత్స్లావ్. ఆ పేరు పలకడం చేతకాని గుమాస్తాలంతా జేమ్స్ అని రాసేసుకునేవాళ్లు. కాబట్టి వాత్స్లావ్ కోసం వెతికింది. లేడు. లెక్కలు తీసుకున్నాక పుట్టి, మళ్లీ లెక్కలు వచ్చేలోపు పోయిన పసివాడై ఉండాలంది. అలాంటి బిడ్డ పేరు చర్చి పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదు. ఆ చర్చి పుస్తకం 1893లో తగలబడిపోయింది.

ఇంక వారం రోజులే ఉంది. ఇల్లిల్లూ తిరిగాం. బైబిలు మొదటి పేజీలు, జపమాలల పెట్టెలు, అటక మీది ట్రంకులు, ఏమీ లేదు. గురువారం రోలీ స్విటాక్ ఇంటికి వెళ్లాం. అరవై ఎనిమిదేళ్ల మనిషి. విత్తనాలు వేసే యంత్రం బాగుచేసుకుంటూ మమ్మల్ని చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"మళ్లీ ఏంటి టీచర్? మూల రాసిచ్చేశా కదా. ఇప్పుడు ఇల్లు కూడా రాసిమ్మంటారా?"

"ఇల్లొద్దు, కాఫీ చాలు," అంది ఓర్ఫా. వంటింట్లో కూర్చున్నాక అడిగింది, "మీ వంశంలో వాత్స్లావ్ అని ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"జేమ్స్?"

"లేరు. అందరం మాతియస్‌లం, రోలాండ్‌లం. చెక్ మాట మా నాన్నకే రాదు, నన్నడిగితే ఏం చెప్పను?"

ఓర్ఫా పుస్తకం మూసింది. నేను రోలీ మీద విరుచుకుపడ్డాను. "ముద్దుపేరైనా గుర్తులేదా నీకు? వాషా, వాషెక్, ఏదో ఒకటి! మీ ఇంట్లో పేర్లు కూడా లేకుండా ఎలా పెరిగావయ్యా?"

రోలీ కప్పు నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు.

"వాషెక్ మనిషి పేరా?"

"వాత్స్లావ్‌ని ముద్దుగా వాషెక్ అంటారు," అంది ఓర్ఫా మెల్లిగా. "ఎందుకు?"

"మరి... మా ఇంట్లో క్రిస్మస్ ముందు రాత్రి బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెడతాం. మా నానమ్మ పెట్టేది, వాళ్ల అత్తగారూ పెట్టేదట. 'వాషెక్ పెట్టారా?' అని అడిగి గానీ ప్రార్థన మొదలుపెట్టనిచ్చేది కాదు. వాషెక్ అంటే చెక్‌లో అదనపు కంచం అనుకున్నాం మేమంతా." ఇబ్బందిగా నవ్వాడు. "మా పిల్లలు హోటల్లో కూడా 'ఇంకో వాషెక్ తెండి' అంటారు. వడ్డించే పిల్ల తెల్లబోతుంది."

నేను ఆల్రెడీ ఏడుస్తున్నాను, దాచడమెందుకు. ఓర్ఫా మాత్రం లేచి కోటు తొడుక్కుంది.

"ఒక కంచం సరిపోదు రోలీ. రెండోది కావాలి, కాగితం. మీ ముత్తాత భూమి పట్టా ఫైలు నకలు స్టేషన్లో ఉంది. ఐదేళ్లు ఆ నేల మీదే కాపురమున్నానని నిరూపిస్తే గానీ పట్టా ఇచ్చేవాళ్లు కాదు. కుటుంబంలో ఎవరెవరున్నారో అందులో చెప్పి సంతకం పెట్టాలి. ఎన్నేళ్లుగానో ఉంది నా దగ్గర, పేరు చూశాను, ఎకరాలు చూశాను. ఆ గడి ఎప్పుడూ చదవలేదు."

రోలీ గ్రీజు చేతులతోనే మా వెనకాల వచ్చాడు. అట్టపెట్టె దించింది నేను, కాగితం తీసింది ఓర్ఫా. 1884 అని తేదీ ఉంది. భూతద్దం రోలీకే ఇచ్చింది. ముక్కు కాగితానికి ఆనించి, స్కూలు పిల్లాడిలా వేలు పెట్టి చదివాడు.

"కుటుంబం... భార్య... బతికున్న బిడ్డలు ఇద్దరు." వేలు కిందికి జరిపాడు. "ఈ నేలలోనే పూడ్చిన మగబిడ్డ ఒకడు, పద్నాలుగు నెలలు."

శుక్రవారం పొద్దున్నే రాయి చెక్కేవాడికి ఐదు పేర్లూ అందాయి. పాత పేరు అరగదీసి ఆ చోటే చెక్కుతానన్నాడు. ఓర్ఫా ఒప్పుకోలేదు. "రెండో వైపు చెక్కు. ఆ వైపు అలాగే ఉండనీ. నేను చేసింది నాలుగు కాలాలు కనబడాలి." వాడు శని, ఆదివారాలు ఇంటికే పోకుండా చెక్కాడు.

సోమవారం రెండు వందల మంది దాకా వచ్చారు. కాఫీ డబ్బాల్లో పియోనీ పూలు, మడత కుర్చీలు, దిక్కుమాలిన గాలి. డ్వైట్ మైకు ఇచ్చాడు. ఓర్ఫా కాగితం లేకుండా మాట్లాడింది.

"డీచీ అనే కుటుంబం లేదు. నలభై రెండేళ్ల కింద నేను రాసింది తప్పు. ఆ ఖాళీ బండి నా సొంత కల్పన, దానికి నన్ను ఎంతైనా అనండి, పడతాను. ఈ ఐదుగురూ మీ పిల్లలు. పిలిచినవాళ్లు వచ్చి తీసుకోండి." ఒక్కో పేరూ చదివింది. జెలెంకా అనగానే రోజలీ లేచింది. హ్రూబీలు, కొవాండాలు లేచారు. ఒక్కళ్లూ నవ్వలేదు. డ్వైట్ మనవరాలు మాత్రం "అయితే నేనెవర్ని ఇప్పుడు?" అని గట్టిగా అడిగింది. "మారీ హ్రూబీవి, సరిగ్గా పలుకు" అంది ఓర్ఫా మైకులోనే.

అందరూ కార్లెక్కాక కూడా రోలీ కదల్లేదు. పూల డబ్బా ఒకటి పొట్టకి అదుముకుని ఆ ఐదు గుంటల ముందు నిలబడి ఉన్నాడు.

"టీచర్," అన్నాడు, "ఇందులో మావాడేది?"

ఏదో ఒకటి చూపించవే మహాతల్లీ అని లోపల మొక్కుకున్నాను. అన్నిటికన్నా చిన్నగా ఉన్న ఆ చివరి దాన్ని వేలెత్తి చూపిస్తే ఎవరు కాదంటారు? పద్నాలుగు నెలల బిడ్డకి సరిపోతుంది కూడా. ఓర్ఫా కళ్లూ అటే వెళ్లాయి, నేను చూశాను. పెదవి కొరుక్కుంది.

"నాకు తెలీదు రోలీ," అంది. "తెలీదు నాన్నా. మళ్లీ కల్పించలేను."

రోలీ మోకాళ్ల మీద కూర్చుని డబ్బాలోంచి పూలు తీసి ఐదు కుప్పలుగా విడదీయడం మొదలుపెట్టాడు. పువ్వులు చాలలేదు. ఓర్ఫా నా చేతిలోని పూల డబ్బా లాక్కుని అతని పక్కన పెట్టింది.